టొరంటో మేయర్, కౌన్సిల్, మన వార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక విచిత్రం చూస్తుంటాను. ఇండియాలో మన ఊళ్ళో ఉప ఎన్నిక జరిగితే ఏ రౌండ్‌లో ఎవరికి ఎంత ఆధిక్యం వచ్చిందో నిద్ర మానుకుని చెప్తారు. తమ వీధికి మంచు తీసే బండి పంపించే కౌన్సిల్‌లో తమ ప్రతినిధి ఎవరని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నేనూ చాలాకాలం ఆ బాపతే. టొరంటో శివారు స్కార్‌బరోలో ఇల్లు కొని, మొదటి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చేతికొచ్చాక గానీ నాకూ ఆసక్తి పుట్టలేదు. అప్పటి నుంచి స్నేహితులు అడిగినవీ, నేను తిరిగి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

టొరంటో మేయర్ అంటే మన హైదరాబాద్ మేయర్ లాంటి పదవేనా?

పేరు ఒకటే, పదవి వేరు. హైదరాబాద్‌లో మనం డివిజన్‌కి ఒక కార్పొరేటర్‌ని ఎన్నుకుంటాం. కార్పొరేటర్లూ ఎక్స్ అఫీషియో సభ్యులూ కలిసి మేయర్‌ని ఎన్నుకుంటారు. 2002లో ఒకసారి జనమే నేరుగా ఓటేశారు, తర్వాత మళ్ళీ పాత పద్ధతికే వచ్చేశారు. ఇక అసలు పగ్గాలు ప్రభుత్వం పంపిన ఐఏఎస్ కమిషనర్ చేతిలో ఉంటాయి.

టొరంటోలో మేయర్‌ని ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. 2018లో జాన్ టోరీకి 4 లక్షల 79 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. కెనడా ప్రధానమంత్రి అయినా గెలిచేది ఒక్క నియోజకవర్గంలోనే కాబట్టి, స్వయంగా ఇన్ని ఓట్లు తెచ్చుకునే నాయకుడు ఈ దేశంలో ఇంకొకరు కనిపించరు. కమిషనర్‌కి దగ్గరగా ఉండే పదవి సిటీ మేనేజర్. ఆయన్ని పైనుంచి ఎవరూ పంపరు, సిటీయే పెట్టుకుంటుంది.

ఇంత విని మేయర్ ఇక్కడ రాజులాంటివాడు అనుకోకండి. 1867 నాటి రాజ్యాంగం మునిసిపాలిటీలను పూర్తిగా ప్రావిన్సుల చేతిలో పెట్టింది. టొరంటో జనాభా 2021 లెక్కల్లో 27 లక్షల 94 వేలు. కెనడాలో చాలా ప్రావిన్సులకి ఇంత జనాభా లేదు. అయినా చట్టం దృష్టిలో ఈ నగరం ఒంటారియో ప్రభుత్వం గీసిన గీత లోపలే బతకాలి. గీత చెరిపి మళ్ళీ గీసే హక్కు కూడా ఆ ప్రభుత్వానిదే. కింది జవాబుల్లో సగం తిరిగి తిరిగి ఈ ముడి దగ్గరికే వస్తాయి.

ఇప్పుడు మేయర్ ఎవరు? ఎలా వచ్చారు?

ఇది రాస్తున్నప్పటికి ఒలీవియా చౌ. హాంకాంగ్‌లో పుట్టి, 13 ఏళ్ళ వయసులో 1970లో తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చారు. 1985లో స్కూల్ ట్రస్టీగా మొదలుపెట్టి, కౌన్సిలర్‌గా, ఆ తర్వాత ఎన్‌డీపీ (వామపక్షం వైపు మొగ్గే జాతీయ పార్టీ) తరఫున ఎంపీగా పనిచేశారు. ఆమె భర్త జాక్ లేటన్ ఎన్‌డీపీని ప్రధాన ప్రతిపక్షం చేసిన నాయకుడు, 2011లో క్యాన్సర్‌తో పోయారు. 2014లో ఆమె మేయర్‌గా పోటీ చేసి మూడో స్థానంలో ఆగిపోయారు. 2023 జూన్ 26న ఉప ఎన్నికలో గెలిచారు. వచ్చింది 37 శాతం. రెండో స్థానంలో ఉన్న అనా బైలావ్‌కి 32 శాతం పైన వచ్చాయి. మిగతా ఓట్లు చీలికలు పేలికలయ్యాయి. సగం కూడా రాకుండానే గెలిచారని విసుక్కునే వాళ్ళున్నారు. మన దగ్గరా ఎమ్మెల్యేలు గెలిచేది ఇలాగే కదా.

ఒకే పెద్ద నగరంగా కలిపాక వచ్చిన మేయర్లలో ఆమె తొలి మహిళ, శ్వేతజాతికి చెందని తొలి మేయర్ కూడా. అంతకుముందు పాత టొరంటోకి జూన్ రోలండ్స్, బార్బరా హాల్ అని ఇద్దరు మహిళలు మేయర్లుగా చేశారు.

అసలు ఉప ఎన్నిక ఎందుకు వచ్చింది?

2022 అక్టోబర్‌లో జాన్ టోరీ మూడోసారి సునాయాసంగా గెలిచారు. నాలుగు నెలలు తిరక్కుండానే, తన ఆఫీసులో పనిచేసిన ఒక ఉద్యోగినితో సంబంధం ఉండేదని పత్రికలో వచ్చింది. 2023 ఫిబ్రవరి 10 రాత్రి ఆయనే కెమెరాల ముందుకు వచ్చి, తప్పు చేశానని ఒప్పుకుని, రాజీనామా చేస్తున్నానన్నారు. ఎవరూ పట్టుబట్టి దింపలేదు. బడ్జెట్ పాస్ చేయించి వెళ్ళిపోయారు.

"మెగాసిటీ" అంటారే, అదేమిటి?

స్కార్‌బరో, నార్త్ యార్క్, ఎటోబికో, యార్క్, ఈస్ట్ యార్క్, పాత టొరంటో: 1997 దాకా ఇవి ఆరు వేరు వేరు ఊళ్ళు. ఒక్కోదానికి ఒక మేయర్, ఒక కౌన్సిల్, ఒక ఫైర్ సర్వీసు. వీటన్నిటి మీదా 1954 నుంచి మెట్రో టొరంటో అని ఉమ్మడి వ్యవస్థ ఒకటి ఉండేది. దాని మొదటి ఛైర్మన్ ఫ్రెడ్ గార్డినర్ పేరే ఇప్పుడు మనం ట్రాఫిక్‌లో ఇరుక్కునే గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వేకి ఉంది.

ఒంటారియో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) మైక్ హారిస్ ప్రభుత్వం ఖర్చు తగ్గుతుందంటూ ఆరింటినీ కలిపేయాలని నిర్ణయించింది. 1997 మార్చిలో ఆ ఊళ్ళు ప్రజాభిప్రాయం అడిగితే నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. అయినా 1998 జనవరి 1న కలిపేశారు. కారణం పైన చెప్పిన ముడే: అడగాల్సిన అవసరం వాళ్ళకి లేదు.

కలిపిన నగరానికి మొదటి మేయర్ మెల్ లాస్ట్‌మన్. ఫర్నిచర్ షాపులతో పేరు తెచ్చుకుని, నార్త్ యార్క్‌కి పాతికేళ్ళు మేయర్‌గా ఉన్న మనిషి. 1999 జనవరిలో మంచు కుమ్మరిస్తే ఏకంగా సైన్యాన్ని పిలిపించారు. మంచు ఎత్తడానికి మిలిటరీయా అని మిగతా కెనడా ఇప్పటికీ టొరంటోని ఏడిపిస్తుంది. మీ ఆఫీసులో అల్బెర్టా నుంచి వచ్చినవాళ్ళు ఉంటే ఈ జోకు ఒక్కసారైనా వినే ఉంటారు.

కాగితం మీద ఊళ్ళు కలిశాయి గానీ మనుషుల్లో గీత పోలేదు. నడిబొడ్డున ఉన్నవాళ్ళకి స్ట్రీట్‌కార్ (ట్రామ్), సైకిల్ దారి, పార్కు. శివార్లలో ఉన్నవాళ్ళకి కారు, పార్కింగ్, వాకిట్లో మంచు. ఆ తర్వాతి ప్రతి మేయర్ ఎన్నికా ఈ గీత మీదే నడిచింది.

రాబ్ ఫోర్డ్ గురించి ఇంకా ఎందుకు మాట్లాడుకుంటారు?

కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయన క్రాక్ కొకైన్ తీసుకున్న మేయర్‌గానే తెలుసు. అది నిజమే. 2013 నవంబర్‌లో ఆయనే ఒప్పుకున్నారు. ప్రపంచమంతా టీవీల్లో చూసి నవ్వుకుంది. కానీ అంతటితో ఆపేస్తే ఈ ఊరి రాజకీయం అర్థం కాదు.

ఎటోబికోలో కౌన్సిలర్‌గా ఉన్న పదేళ్ళూ ఆయన చేసిన పని ఒకటే: ఫోన్ చేసినవాళ్ళందరికీ తానే తిరిగి ఫోన్ చేయడం. తన నంబర్ రాసిన కార్డులు పంచేవారు. కుళాయి కారుతోందన్నా, పక్కింటివాడు చెత్త వేస్తున్నాడన్నా అధికారిని వెంటబెట్టుకుని వచ్చేవారు. తన వార్డు కాకపోయినా వచ్చేవారు. మనకి ఈ రకం నాయకుడు కొత్తేమీ కాదు. తెల్లారేసరికి ఇంటి ముందు నలభై మంది కూర్చునే ఎమ్మెల్యేలను చూసిన కళ్ళే మనవి. టొరంటో మేధావులకి మాత్రం ఆ బలం ఆఖరిదాకా అర్థం కాలేదు. 2010లో సిటీ హాల్‌లో దుబారా ఆపుతానంటూ నిలబడి 47 శాతంతో గెలిచారు. శివారు వార్డులన్నీ ఆయన వెంటే, పాత టొరంటో ఆయనకి ఎదురు.

ఆయనని కౌన్సిల్ ఎందుకు తీసేయలేదని అడుగుతారు. తీసేసే అధికారం కౌన్సిల్‌కి లేదు. ఇక్కడ అవిశ్వాస తీర్మానం అనేది లేదు. మేయర్ జైలుకి వెళ్తేనో, కోర్టు అనర్హుడంటేనో తప్ప పదవి కదలదు. 2012లో ఒక జడ్జి ఆయన పదవి పోయిందని తీర్పు ఇచ్చారు కూడా. అది డ్రగ్స్ కేసు కాదు. పిల్లల ఫుట్‌బాల్ ఫౌండేషన్‌కి ఆయన సేకరించిన 3,150 డాలర్ల విరాళాల మీద కౌన్సిల్‌లో చర్చ జరిగినప్పుడు ఆయనే ఓటేశారని. అప్పీల్‌లో ఆ తీర్పు నిలబడలేదు. చివరికి 2013 నవంబర్‌లో కౌన్సిల్ చేయగలిగింది ఒకటే: ఆయన బడ్జెట్‌లో, సిబ్బందిలో ఎక్కువ భాగం, తాను ఇచ్చిన అధికారాలు డిప్యూటీ మేయర్ నార్మ్ కెల్లీకి మార్చేసింది. కుర్చీ ఉంది, పని లేదు.

2014లో క్యాన్సర్ బయటపడి పోటీ నుంచి తప్పుకున్నారు. బదులుగా అన్న డగ్ ఫోర్డ్ నిలబడి టోరీ చేతిలో ఓడిపోయారు. రాబ్ తన పాత వార్డులో కౌన్సిలర్‌గా గెలిచి, 2016 మార్చి 22న కన్నుమూశారు. డగ్ ఫోర్డ్ కథ అక్కడ ఆగలేదు.

కౌన్సిలర్లు 25 మందే ఎందుకు?

2018 వేసవి. 47 వార్డులకి ఎన్నికలు. మే నుంచి అభ్యర్థులు ఇంటింటికీ తిరుగుతున్నారు, కరపత్రాలు అచ్చయ్యాయి, విరాళాలు వచ్చాయి. నామినేషన్లకి చివరి రోజు జూలై 27. సరిగ్గా ఆ రోజే, కొత్తగా ఒంటారియో ప్రీమియర్ అయిన డగ్ ఫోర్డ్, టొరంటోకి 47 మంది అక్కర్లేదు, 25 చాలు అని ప్రకటించారు. జూన్‌లో ఆయన గెలిచిన ఎన్నికలో ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు.

సెప్టెంబర్ 10న జడ్జి ఇది రాజ్యాంగ విరుద్ధమన్నారు. అయితే కోర్టు తీర్పుని పక్కన పెట్టనిచ్చే రాజ్యాంగ మినహాయింపు నిబంధన వాడి మరీ చట్టం చేస్తానని ఫోర్డ్ కూర్చున్నారు. క్వీన్స్ పార్క్‌లోని ఒంటారియో శాసనసభ అర్ధరాత్రి సమావేశమైంది. ఇంతలో అప్పీల్ కోర్టు సెప్టెంబర్ 19న 25 వార్డులతోనే కానివ్వమంది. పోలింగ్‌కి నెల రోజుల ముందు దాకా తాము ఏ వార్డులో నిలబడ్డామో అభ్యర్థులకే తెలియని ఎన్నిక అది. ఇద్దరు సిటింగ్ కౌన్సిలర్లు ఒకే వార్డులో తలపడాల్సి వచ్చింది చాలా చోట్ల. 2021లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ప్రావిన్స్‌దే పైచేయి అని తేల్చింది.

మనకి దీని ఫలితం: ఒక్కో కౌన్సిలర్ కింద లక్షకి పైగా జనం. అంటే మీ ఈమెయిల్‌కి జవాబు రావడానికి పట్టే సమయం. దుబారా తగ్గిందని సంబరపడేవాళ్ళున్నారు. నా మటుకు నాకు ఇది నష్టమే అనిపిస్తుంది.

ఇక్కడ పార్టీలు లేవా?

టొరంటో బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, గుర్తు ఉండదు. కానీ ఎవరు ఎన్‌డీపీ మనిషో, ఎవరు కన్సర్వేటివో, ఎవరు లిబరలో ఊరందరికీ తెలుసు. విప్ లేదు కాబట్టి ప్రతి ఓటుకీ మేయర్ ఒక్కొక్కరిని బతిమాలుకోవాలి. వాంకూవర్, మాంట్రియల్‌లో మాత్రం నగర స్థాయి పార్టీలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఫెడరల్ పార్టీలతో సంబంధం లేదు, పేర్లు కూడా వేరు.

"స్ట్రాంగ్ మేయర్" అని వింటున్నాం. అదేమిటి?

2022 దాకా మేయర్‌కి కౌన్సిల్‌లో ఉన్నది ఒక్క ఓటే. ఫోర్డ్ ప్రభుత్వం ఆ ఏడాది టొరంటో, ఒట్టావా మేయర్లకి కొత్త అధికారాలు ఇచ్చింది. బడ్జెట్ మేయరే తయారు చేస్తారు. సిటీ మేనేజర్‌ని పెట్టడం, తీయడం మేయర్ ఇష్టం. ఇళ్ళ నిర్మాణం లాంటి ప్రావిన్స్ లక్ష్యాలకి అడ్డొచ్చే బైలాని (కౌన్సిల్ చేసే నగర చట్టాన్ని) మేయర్ ఆపేయొచ్చు. దాన్ని తోసిపుచ్చాలంటే కౌన్సిల్‌లో మూడింట రెండొంతుల మంది కావాలి.

అక్కడితో ఆగితే సరే అనుకునేవాళ్ళం. కొద్ది నెలలకే ఇంకో చట్టం తెచ్చారు. దాని ప్రకారం కొన్ని విషయాల్లో మూడో వంతు దాటితే చాలు, బైలా పాసయిపోతుంది. అంటే 26 మంది ఉన్న సభలో మేయర్, ఇంకో ఎనిమిది మంది. మిగతా 17 మంది వద్దని ఓటేసినా సరే. మైనారిటీ గెలిచే ప్రజాస్వామ్యం నేనెక్కడా వినలేదు. దీన్ని అడిగింది తానేనని టోరీ ఒప్పుకున్నారు. బతికున్న ఐదుగురు మాజీ మేయర్లు, డేవిడ్ క్రాంబీ మొదలు డేవిడ్ మిల్లర్ దాకా, దీన్ని ఒప్పుకోవద్దని కలిసి లేఖ రాశారు. వాళ్ళలో ఎడమ వాళ్ళూ ఉన్నారు, కుడి వాళ్ళూ ఉన్నారు. మూడో వంతుతో పాలించే అధికారాన్ని వాడనని చౌ ఎన్నికల్లోనే చెప్పారు.

స్కార్‌బరోకి సబ్‌వే (భూగర్భ మెట్రో) వస్తుందన్నారు, ఏమైంది?

ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు కాఫీ కావాలి, ఎందుకంటే జవాబు పొడుగు.

కెన్నెడీ స్టేషన్ నుంచి స్కార్‌బరో టౌన్ సెంటర్ మీదుగా 1985 నుంచి ఒక చిన్న రైలు నడిచేది. ఎస్‌ఆర్‌టీ అనేవాళ్ళం. ముసలిదైపోయింది. మేయర్ మిల్లర్ హయాంలో దాని బదులు లైట్ రైల్ (నేల మీద నడిచే తేలికపాటి రైలు) వేద్దామన్నారు. ఏడు స్టాపులు, ఖర్చంతా ప్రావిన్స్ పెట్టుకుంటుంది. ఇక తవ్వడమే తరువాయి.

రాబ్ ఫోర్డ్ వచ్చి, రోడ్డు మీద పట్టాలేమిటి, స్కార్‌బరోవాళ్ళు రెండో తరగతి మనుషులా, మాకూ సబ్‌వే కావాలి అన్నారు. ఆ మాట జనానికి తగిలింది. 2013లో కౌన్సిల్ లైట్ రైల్ రద్దు చేసి మూడు స్టాపుల సబ్‌వేకి ఓటేసింది. దాని కోసం ప్రాపర్టీ ట్యాక్స్ మీద ప్రత్యేకంగా పెంపు వేశారు. టోరీ వచ్చాక, 2016లో, ఖర్చు చూసి మూడు స్టాపులు ఒకటయ్యాయి. 2019లో ప్రీమియర్ డగ్ ఫోర్డ్ ప్రాజెక్టునే నగరం చేతుల్లోంచి తీసుకుని మళ్ళీ మూడు చేశారు. 2021లో పని మొదలైంది.

ఇంతలో 2023 జూలై 24 సాయంత్రం పాత రైలు ఆఖరి బోగీ పట్టాలు తప్పింది. కొందరికి దెబ్బలు తగిలాయి. ఎలాగూ ఆ నవంబర్‌లో మూసేద్దామనుకున్న లైను, మళ్ళీ తెరవనే లేదు. అప్పటి నుంచి కెన్నెడీ దగ్గర బస్సుల కోసం క్యూ. జనవరిలో ఆ క్యూలో నిలబడితే చలికి వేళ్ళు కొంకర్లు పోయి, ఫోన్‌లో బస్సు టైం చూసుకోవడానికి గ్లవ్ తీయాలన్నా భయమేస్తుంది. పక్కన నిలబడ్డ నర్సులూ, సెక్యూరిటీ గార్డులూ, కాలేజీ పిల్లలూ ఏడు స్టాపుల లైట్ రైల్ గురించి వినలేదు కూడా.

నేను శివారు మనిషినే, సబ్‌వే అంటే నాకూ ఇష్టమే. కానీ చేతిలో ఉన్నదాన్ని వదిలేసి ఎదురుచూపు కొనుక్కున్నాం అనే అంటాను. ఇంట్లో ఈ మాట మీద వాదన జరుగుతూనే ఉంటుంది.

ఏ పని ఎవరిది? దేనికి ఎవరిని అడగాలి?

చెత్త, నీళ్ళు, వీధి రోడ్లు, మంచు, పార్కులు, లైబ్రరీలు, టీటీసీ (నగర రవాణా సంస్థ) బస్సులు, నిరాశ్రయుల షెల్టర్లు, ఫైర్ సర్వీసు నగరానివి. బిర్యానీ హోటల్ గుమ్మం మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాగితం అంటిస్తారే, ఆ తనిఖీ కూడా నగరానిదే. పసుపు కనిపిస్తే ఆర్డర్ ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించండి.

ఆసుపత్రులు, హెల్త్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, అద్దె పెంపు నిబంధనలు, గో రైళ్ళు ప్రావిన్స్‌వి. వీసాలు, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఫెడరల్‌వి. వీటి కోసం కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే పాపం ఆయన కూడా మీ ఎంపీ ఆఫీసు నంబరే ఇస్తారు. స్కూళ్ళకి ట్రస్టీలను మునిసిపల్ బ్యాలెట్ మీదే ఎన్నుకుంటాం, చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.

మధ్యలో తగువులు ఉంటాయి. బ్లూర్, యంగ్, యూనివర్సిటీ వీధుల్లో నగరం వేసిన సైకిల్ దారులు తీసేయడానికి 2024లో ప్రావిన్స్ చట్టమే చేసింది. 2025 జూలైలో కోర్టు అది చెల్లదంది, ప్రావిన్స్ అప్పీలుకి వెళ్ళింది. స్పీడ్ కెమెరాలు నగరం పెట్టింది, 2025 నవంబర్‌లో ప్రావిన్స్ నిషేధించింది. అన్నీ తగువులే అనుకోకండి. 2023 నవంబర్‌లో చౌ, ఫోర్డ్ కూర్చుని మాట్లాడుకుని గార్డినర్, డాన్ వ్యాలీ పార్క్‌వేల భారం ప్రావిన్స్‌కి అప్పగించేలా ఒప్పందం చేసుకున్నారు. రాజకీయంగా ఉప్పూ నిప్పూ అనుకున్న ఇద్దరు.

ప్రాపర్టీ ట్యాక్స్ అంతలా ఎందుకు పెరిగింది?

2024లో 9.5 శాతం, 2025లో 6.9 శాతం పెంచారు. నగరం రోజువారీ ఖర్చుకి అప్పు చేయకూడదు, చట్టం ఒప్పుకోదు. ఆదాయపు పన్నులో, సేల్స్ ట్యాక్స్‌లో వాటా లేదు. ఏళ్ళ తరబడి పెంపు ద్రవ్యోల్బణం చుట్టూనే ఉంచి, మరమ్మతులు వాయిదా వేసుకుంటూ వచ్చారు. కోవిడ్ తర్వాత అది ఒక్కసారిగా మీద పడింది.

ఒక అపోహ: మా ఇంటి ధర పెరిగింది కాబట్టి ట్యాక్స్ పెరిగింది అంటారు. కాదు. ఇప్పటికీ లెక్క కట్టేది 2016 జనవరి 1 నాటి విలువ మీదే. మిగతావాళ్ళ ఇళ్ళతో పోలిస్తే మీ ఇంటి వాటా ఎంత అన్నదే ముఖ్యం.

ఇల్లు కొనేవాళ్ళు, అద్దెకిచ్చేవాళ్ళు ఏం చూసుకోవాలి?

ఒంటారియో అంతటా ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ ఉంది. టొరంటోలో 2008 నుంచి నగరం కూడా దాదాపు అంతే మళ్ళీ వేస్తుంది. పది లక్షల డాలర్ల ఇంటికి ప్రావిన్స్‌కి 16,475, నగరానికి ఇంకో 16,475. నగరం హద్దయిన స్టీల్స్ వీధి దాటి మార్కమ్‌లో కొంటే రెండోది లేదు. మొదటిసారి కొనేవాళ్ళకి ప్రావిన్స్ నుంచి 4,000, నగరం నుంచి 4,475 దాకా తగ్గింపు ఉంటుంది. మనవాళ్ళు బ్రాంప్టన్, మిల్టన్ వైపు వెళ్ళడానికి ఇది కూడా ఒక కారణం.

ఖాళీ ఇంటి పన్ను ఉంది. మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నా సరే, ఇల్లు ఖాళీగా లేదని ఏటా డిక్లరేషన్ ఇవ్వాలి. 2024 వసంతంలో ఇది తెలియని వేలమందికి ఉన్నపళాన వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఊరంతా గగ్గోలు. వాటిలో చాలావరకు తర్వాత రద్దు చేశారు. ఇండియా ట్రిప్పుకి వెళ్ళే ముందు ఈ పని చూసుకుని వెళ్ళండి.

ఇంకోటి, గదుల లెక్కన అద్దెకివ్వడం. వంటగది, బాత్రూం అందరికీ కలిపి ఉండి, ఒక కుటుంబంలా కాకుండా నాలుగు గదులో అంతకంటే ఎక్కువో విడివిడిగా ఇస్తే అది మల్టీ-టెనెంట్ హౌస్ అవుతుంది. ఊళ్ళు కలిసి పాతికేళ్ళు దాటినా స్కార్‌బరోలో, నార్త్ యార్క్‌లో ఇది పాత రూల్ ప్రకారం అక్రమంగానే ఉండేది. విద్యార్థులు ఉండేది మాత్రం అక్కడే. 2024 మార్చి 31 నుంచి నగరమంతా లైసెన్స్‌తో అనుమతించారు. లైసెన్స్ లేని ఇంట్లో మంటలు లేస్తే పోయేది బేస్‌మెంట్‌లో పడుకున్న మన పిల్లలే. తల్లిదండ్రులు అద్దె ఎంత అని అడుగుతారు. బయటికి రెండో దారి ఉందా అని కూడా అడగమనండి.

పీఆర్ ఉంది. ఓటు వేయొచ్చా?

వేయలేరు. కెనడా పౌరసత్వం ఉండాలి, 18 నిండాలి. పీఆర్ ఉన్నవాళ్ళకి మునిసిపల్ ఓటు ఇవ్వమని 2013లో కౌన్సిల్ ప్రావిన్స్‌ని అడిగింది. ప్రావిన్స్ ఇవ్వలేదు. ట్యాక్స్ కట్టాలి, ఓటు ఉండదు.

పౌరసత్వం ఉన్నవాళ్ళకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మీరు బ్రాంప్టన్‌లో ఉంటూ టొరంటోలో ఒక కాండో కొనిపెట్టుకుంటే రెండు ఊళ్ళలోనూ ఓటు వేయొచ్చు. ఒక ఊళ్ళో ఒక్కసారే.

ఎన్నికలు నాలుగేళ్ళకోసారి అక్టోబర్ నాలుగో సోమవారం. ఈ లెక్కన 2026లో అక్టోబర్ 26. ఈవీఎం ఉండదు. కాగితం మీద నింపిన బ్యాలెట్‌ని యంత్రంలోకి పంపుతారు. 2022లో ఓటేసినవాళ్ళు 30 శాతం కూడా లేరు. మనవాళ్ళు ఒక అపార్ట్‌మెంట్ వార్డులో గట్టిగా కదిలితే ఫలితం మారిపోయేంత తక్కువ.

ఎవరైనా పోటీ చేయొచ్చా?

ఓటు అర్హత ఉండాలి, 25 మంది ఓటర్ల సంతకాలు కావాలి. నామినేషన్ రుసుము మేయర్‌కి 250 డాలర్లు, కౌన్సిలర్‌కి 100 డాలర్లు. అందుకే 2023లో మేయర్ కోసం 102 మంది నిలబడ్డారు. ఒకాయన తన కుక్క కోసం నిలబడ్డారు. రోడ్ల మీద చల్లే ఉప్పుకి దాని పాదాలు మండుతున్నాయట. నవ్వుకున్నాం గానీ, ఆ ఉప్పు నా షూలనీ కారు అడుగునీ కూడా తినేస్తుంది.

కంపెనీలు, యూనియన్లు విరాళం ఇవ్వకూడదు. మీరు వ్యక్తిగా ఇస్తే నగరం అందులో కొంత తిరిగి ఇస్తుంది. మొదటి 300 డాలర్ల దాకా 75 శాతం.

నేను మిస్సిసాగాలో ఉంటాను. ఇదంతా నాకెందుకు?

టొరంటో కథ మీది కాదు, కానీ ప్రావిన్స్‌తో ముడి మీకూ ఉంది. మీ ఊరిని 1978 నుంచి 2014 దాకా హేజెల్ మెకాలియన్ ఒక్కరే నడిపారు. దిగేటప్పటికి ఆమెకి 93 ఏళ్ళు. స్ట్రాంగ్ మేయర్ అధికారాలు ఇప్పుడు మీ మేయర్‌కీ ఉన్నాయి.

ఫిర్యాదు ఎలా చేయాలి? చేస్తే ఫలితం ఉంటుందా?

311కి ఫోన్ చేయండి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టండి. రిఫరెన్స్ నంబర్ రాసి పెట్టుకోండి. వారం దాటితే ఆ నంబర్‌తో కౌన్సిలర్ ఆఫీసుకి రాయండి. మేయర్‌కి రాసేకంటే అదే మేలు. కౌన్సిలర్ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు చురుకైనవాళ్ళు. ఫోటో జతచేస్తే ఇంకా త్వరగా కదులుతుంది.

2015 జూలైలో యంగ్ వీధి ఫుట్‌పాత్ మీద ఒక రకూన్ (ఇక్కడి వీధుల్లో తిరిగే చిన్న అడవి జంతువు) చచ్చిపడి ఉంది. ఎవరో పొద్దున్నే ఫిర్యాదు చేశారు. ఎవరూ రాలేదు. మధ్యాహ్నానికి దాని పక్కన ఒక గులాబీ, ఫ్రేములో రకూన్ ఫోటో వెలిశాయి. సాయంత్రానికి కొవ్వొత్తులు, సంతాప సందేశాలు. దానికి కాన్రాడ్ అని పేరు పెట్టారు. కౌన్సిలర్ నార్మ్ కెల్లీ ట్వీట్ల మీద ట్వీట్లు పెట్టారు. పద్నాలుగు గంటల తర్వాత రాత్రి బండి వచ్చి తీసుకెళ్ళింది.

కమిటీల ముందు ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు. డిప్యుటేషన్ అంటారు. ముందుగా పేరు ఇవ్వాలి, ఐదు నిమిషాలు ఇస్తారు, జనం ఎక్కువైతే మూడు. 2011 జూలైలో ఖర్చుల కోత మీద మాట్లాడటానికి వచ్చినవాళ్ళ వరస రాత్రంతా సాగి తెల్లారింది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చేతులు వణికాయి, రాసుకున్న కాగితం సగమే చదివాను. అయినా నా వెనక కూర్చున్న పెద్దావిడ బాగా చెప్పావని భుజం తట్టింది.

ఇంకో దారి కూడా ఉంది, నేను చెయ్యమని చెప్పను. 2017లో ఎటోబికోలోని టామ్ రైలీ పార్కులో ఒక వాలు దగ్గర జనం జారి పడుతున్నారు. మెట్లు కట్టడానికి 65 వేల నుంచి లక్షా యాభై వేల డాలర్లు అవుతుందని నగరం అంచనా చెప్పింది. ఒక రిటైర్డ్ మెకానిక్, సాయానికి ఇంకో మనిషిని పెట్టుకుని, 550 డాలర్లతో ఎనిమిది చెక్క మెట్లు కట్టేశాడు. నగరం వాటికి పసుపు టేపు చుట్టింది, తర్వాత పీకేసింది. పేపర్లన్నీ రాశాయి. కొద్ది రోజుల్లోనే అక్కడ నగరం కాంక్రీటు మెట్లు కట్టింది. ఖర్చు 10 వేల డాలర్లు.